తోపు చిట్టా

మామిడి పూతకొచ్చే రోజుల్లో మా తాత తోపులోకి చెప్పులు లేకుండా నడిచేవాడు. భక్తి అనుకునేవాణ్ని. కాదట. తేనెమంచు పట్టిందో లేదో తెలుసుకోవడానికి తల ఎత్తాల్సిన పని లేదు, రాలిన ఎండుటాకు అరికాలికి జిగురుగా అంటుకుంటే పూత మీద పురుగు చేరినట్టే. నాలుగడుగులు వేసేవాడు, కాలు మడిచి అరికాలు చూసుకునేవాడు, ఒక నంబరు పలికేవాడు. వెనకాలే చిట్టా మోసుకొచ్చే నేను ఆ నంబరు పేజీ తీసి పట్టుకోవాలి, రెండో చేతిలో సిరాబుడ్డి ఒలకకూడదు. అంతవరకే నా పని. రాసేది ఆయనే. ఆ పుస్తకంలో ఇంకొకరి చేతిరాత పడనిచ్చేవాడు కాదు.

1962 నాటి మాట ఇది. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

మా ఊరు రాజపాళయం. తెలుగునాట మా ఊరి పేరు చెబితే కొందరికి తెల్లటి వేటకుక్క గుర్తొస్తుంది, అంతే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామిరాజా మా ఊరివాడు. కాకినాడ, కడప కూడా అప్పుడు ఆ రాష్ట్రంలోవే కాబట్టి మీ పెద్దవాళ్లకీ ఆయనే ముఖ్యమంత్రి. ఊరికి పడమట కొండలు గోడకట్టినట్టు ఉంటాయి. ఆ కొండల మీంచి దిగే ముడంగియారు వాగు పక్కన, అయ్యనార్ కోవిల్ దారిలో, మైళ్ల కొద్దీ మామిడి తోపులు. సప్పట్టై, పంచవర్ణం అనే మా మామిళ్లకి మధురై సంతలో కూడా పేరుంది. సప్పట్టై అంటే చప్పిడిది కాదు, అణిచినట్టు బల్లపరుపుగా ఉండే కాయ. ఆ మాట మీద నేను బెజవాడలో చాలామందితో వాదన పెట్టుకున్నాను.

విజయనగరం రోజుల్లో దక్షిణానికి దిగి వచ్చామని చెప్పుకునే రాజులం మేము. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. కొన్ని తరాలుగా తెలుగు మాకు నోట్లో ఉంది, చేతికి రాలేదు. పెళ్లిపాటలు తెలుగు, తిట్లు తెలుగు, చావు ఏడుపు తెలుగు. ఉత్తరం రాయాలంటే మాత్రం తమిళం. తాత ఈ రెంటి మధ్యా తనదైన దారి వేసుకున్నాడు. మాట తెలుగు, అక్షరం తమిళం. పేజీ పైన మొదట తమిళుల పిళ్లైయార్ సుళి, అంటే వినాయకుడి గుర్తు, దాని కింద శ్రీరామజయం, ఆ కింద చెట్టు నంబరు. అక్కణ్నుంచి అంతా మా ఇంటి తెలుగే, తమిళ లిపిలో.

దీనివల్ల ఒక విచిత్రం జరిగింది. ఆ చిట్టాని తమిళవాడు గడగడా చదవగలడు, ఒక్క ముక్క అర్థం కాదు. తెలుగువాడికి వినిపిస్తే అంతా అర్థమవుతుంది, చేతికిస్తే ఒక్క అక్షరం చదవలేడు. రెండూ తెలిసినవాడు కూడా తడబడతాడు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. ట, డ లకి ఒకటి, త, ద లకి ఒకటి, ప, బ లకి ఒకటి. తమిళానికి అది చాలు. అక్షరం మాటలో ఎక్కడ కూర్చుందో చూసి ఎలా పలకాలో వాళ్లకి తెలిసిపోతుంది. తెలుగుకి చాలదు. తాత అని రాసినా దాత అని రాసినా ఒకటే రాత. మా చిన్నప్పుడు అది నవ్వులాట. అది ఎప్పుడూ నవ్వులాటగానే ఉండి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదు.

చిట్టా అంటే ఏ దుకాణం లెక్కల పుస్తకమో అనుకోవద్దు. పొడుగాటి పుస్తకాలు, ఎర్రగుడ్డ అట్టలు, ముడివేసే నాడా. ఒక్కో చెట్టుకి ఒక్కో పేజీ. మొత్తం 63 చెట్లు. పేజీలో నిలువు గళ్లు తనే గీసుకునేవాడు. పూత ఎప్పుడు మొదలయింది, పిందె ఎంత నిలిచింది, గాలికి ఎంత రాలింది, గబ్బిలాలు ఎంత తిన్నాయి, కోసినవెన్ని. చివరి గడి వెడల్పైనది. కాయలు ఎవరికి పోయాయి. నెలలు తమిళ నెలలు. తై, మాసిలో పూత, చిత్తిరై, వైగాసిలో కోత. వానకి అంగుళాల కొలత లేదు. గునపం దింపి చూసి జానెడు పదును, మూరెడు పదును అని రాసేవాడు. మా దగ్గర కొండ అవతల కుండపోత పోస్తున్నా ఇవతల దుమ్ము లేస్తూ ఉంటుంది, కాబట్టి జానెడు పదును అంటే తక్కువ సంగతి కాదు.

ఆ చివరి గడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

తోపులోవన్నీ గింజ నాటి పెంచిన చెట్లు. మామిడి గింజ తల్లిని పోలి మొలవదు. ఒకే చెట్టు కింద ఏరిన పది టెంకలు నాటితే పది రకాల చెట్లు వస్తాయి. ఒకటి పీచు, ఒకటి తేనె, ఒకటి పచ్చిగా తింటేనే బాగుంటుంది, ఒకటి పురుగు పట్టకుండా ఒక్క ఏడూ ఉండదు. కాబట్టి 63 చెట్లంటే 63 రకాలు. ఒక రకం ఇంకోచోట లేదు, ఆ చెట్టు పోతే ఆ రుచి పోయినట్టే. వీటిని ఒక్క గంపలో కలిపి అమ్మితే ఎవరూ కొనరు, విడివిడిగా ఎరిగినవాడికే వాటి విలువ. అందుకని ఏ చెట్టు కాయ ఎక్కడికి పోవాలో ముందే నిర్ణయం అయిపోయి ఉండేది. 9 ఆవకాయకి. దాని కండ ఏడాది తిరిగినా మెత్తబడదు. 14 పుల్లది, పచ్చిగా, వేవిళ్ల ఇళ్లకి. వీధిలో ఏ కోడలైనా అన్నం ముందు మొహం తిప్పుకుంటుందంటే సాయంత్రానికల్లా 14 కాయలు నాలుగు వాళ్లింటికి చేరేవి. పెద్దవాళ్లు నోటితో ప్రకటించకముందే విషయం మా తోపు కావలివాడికి తెలిసిపోయేది. 31 సావడికి. అక్కడ సాయంత్రాలు పంచాయతీలు చెప్పే పెద్దలు కోసుకు తింటూ తగువులు తీర్చేవారు. 22 అయ్యనార్ గుడికి తొలి బుట్ట. ఊరి చాకలికి, మంగలికి, బడిపంతులుకి తలో చెట్టు. అమ్మకానికి పోయేవి పంచవర్ణం లాంటి పేరున్న చెట్లు కొన్ని మాత్రమే.

27 మంత్రసాని అవ్వది.

మా నాన్నని, చిన్నాన్నల్ని, మేనత్తల్ని, నన్ను, మా వీధిలో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆవిడే. రాజుల ఇళ్లలో పురుళ్లు పోసీ పోసీ మా తెలుగు మాకంటే బాగా మాట్లాడేది. తాత పుట్టుకకి ఆవిడ తల్లి వచ్చిందట. అప్పుడు ముత్తాత చీర పెట్టబోతే చీర చిరిగిపోతుంది, చెట్టు ఇవ్వమందట. కాగితం లేదు, పట్టా లేదు. చిట్టాలో ఆ గడి ఒక్కటే ఆధారం. ప్రతి కాపుకీ అవ్వ గంప తీసుకుని వచ్చి, చెట్టు కింద బోర్లించిన గంప మీద కూర్చుని, చిక్కం కర్రతో కోస్తున్న కుర్రాణ్ని పైకి చూడకుండానే తిట్టేది. తొడిమ దగ్గర సొన కారి కాయ మీద పడితే ఆవిడకి ఒప్పదు. కాయని తలకిందులుగా గడ్డి మీద పెట్టి సొన ఇంకిపోయేదాకా ముట్టుకోనిచ్చేది కాదు.

ఇదంతా ఎందుకు రాస్తావని తాతని ఒకసారి అడిగాను. తలలోనే ఉంది కదా అన్నాను. "తలలో ఉన్నదానికి నేనే సాక్షి, పుస్తకంలో ఉంటే చెట్టు సాక్షి" అన్నాడు. ఏం అర్థమైందని తల ఊపానో నాకే తెలియదు.

ఉద్యోగం నన్ను బెజవాడ తీసుకెళ్లింది. నలభై దాటాక, కొడుకు ఒకటో తరగతి వాచకం ముందు పెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దాను. ఉద్యోగం చివరి రోజుల్లో పనిమీద మద్రాసు వెళ్లినప్పుడు ఒక గ్రంథాలయంలో హెన్రీ నోల్టీ రాసిన పుస్తకం కంటపడింది. ఎడిన్‌బరో రాయల్ బొటానిక్ గార్డెన్ 2007లో వేసింది, మూడు సంపుటాలు. రాబర్ట్ వైట్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు గురించి, ఆయన దగ్గర మొక్కల బొమ్మలు వేసిన రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారుల గురించి. ఆ ఇద్దరూ తెలుగు మూలాలున్నవాళ్లనీ, పేరు చివర రాజు ఉండేదనీ, తంజావూరు చిత్రకారుల పరంపరనీ చదివినప్పుడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. మా రాజులూ ఆ రాజులూ ఒకటేనని నేననను. అది వేరే లెక్క. అయినా తమిళదేశంలో ఎవరో దొరగారి పక్కన కూర్చుని పువ్వుని విప్పి గీస్తున్న తెలుగువాడి పేరు కనిపిస్తే ఊరికే పేజీ తిప్పేయలేం కదా.

వైట్ 1819లో ఇండియా వచ్చాడు. 1826లో మద్రాసు ప్రభుత్వం ఆయన్ని నాచురలిస్టుగా వేసింది. అంటే మొక్కలు ఏరించడం, ఎండించడం, బొమ్మలు వేయించడం, పేర్లు పెట్టడం. రెండేళ్లకే గవర్నరు లషింగ్టన్ ఆ కొలువు రద్దుచేశాడు, సేకరణ అంతా లండనుకి పంపేశారు. ఈ లషింగ్టనే తన పడుచు రోజుల్లో మా దక్షిణాన పాళెగాళ్ల పేష్కషు వసూలు చేసిన కలెక్టరు. మనిషి లెక్క తేల్చడంలో గట్టివాడన్నమాట. వైట్ మాత్రం ఆగలేదు. పటాలంతో బళ్లారి నుంచి పాళయంకోట దాకా వచ్చాడు, కుట్రాలం కొండలెక్కాడు, 1836 ప్రాంతంలో శివగిరి కొండల్లో మొక్కలు ఏరాడు. శివగిరి మాకు ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. మా మేడ మీంచి దక్షిణంగా చూస్తే కనిపించే కొండలే. ఆ తరవాత ప్రభుత్వం ఆయనకి రెవెన్యూ శాఖలో పని చెప్పింది, 1842 నుంచి కోయంబత్తూరులో అమెరికా పత్తి సాగు ప్రయోగం అప్పగించింది. ఇంత తిరుగుడులోనూ 1838 నుంచి 1853 దాకా ఐకోన్స్ అనే ఆరు సంపుటాల బొమ్మల పుస్తకం అచ్చువేశాడు. 2,101 బొమ్మలు.

ఆ బొమ్మలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మొక్కని అందంగా చూపించాలన్న తాపత్రయం తక్కువ. కొమ్మ, ఆకు, పక్కనే పువ్వు చీరిన ముక్కలు, కేసరం, అండాశయం అడ్డుకోత, గింజ. చెట్టుకి లెక్క చెబుతున్నట్టు ఉంటుంది. వేసినవాడు జీతగాడు. నెల జీతం పద్దుల్లోకి ఎక్కే మనిషి. అలాంటి మనిషి పేరు బయటికి రావడమే అరుదు. వైట్ ఆరో సంపుటంలో ఒక నేల ఆర్కిడ్‌కి గోవిందూయా అని పేరు పెట్టాడు, తన చిత్రకారుడు గోవిందు పేరు మీద. తరవాతి శాస్త్రజ్ఞులు ఆ మొక్కని ట్రాపిడియా అనే మరో ప్రజాతిలో కలిపేశారు. శాస్త్రంలో పేరు అలా పోయింది, పుస్తకంలో మిగిలింది.

అక్కణ్నుంచి నాకు ఇంకొకడు తగులుకున్నాడు, సామర్లకోట రాక్స్‌బర్గ్. 1780ల్లో కంపెనీ డాక్టరుగా గోదావరి ప్రాంతంలో ఉంటూ మిరియాల తోట వేసినవాడు. 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్‌కి సూపరింటెండెంటుగా వెళ్లి, 1813 దాకా ఆ తోట నడిపాడు. బొటానిక్ గార్డెన్ అధికారి అంటే గులాబీల మధ్య గొడుగు వేసుకు తిరిగే దొర అనుకుంటాం. ఆయన మొక్కలతో సమానంగా కాగితాలు పెంచాలి. మాలీల జీతాలు, బండి బాడుగ, ఏ ఓడలో ఏ మొక్కలు ఎక్కించారు, దారిలో ఎన్ని చచ్చాయి, ఎన్ని బతికాయి, కంపెనీకి దీనివల్ల కలిగే లాభమేమిటి. ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు రాయలేకపోతే మరుసటేడు తోటకి డబ్బు రాదు.

ఆయన వెళ్లిపోయాక, 1814లో, మిత్రుడు విలియం కేరీ శ్రీరాంపూర్‌లో ఆ తోట జాబితా అచ్చువేశాడు. హోర్టస్ బెంగాలెన్సిస్ దాని పేరు. సుమారు 3,500 మొక్కలు. పేరు, దేశవాళీ పేరు, పుట్టిల్లు, ఎవరిచ్చారు, ఏ ఏడు తోటలోకి వచ్చింది, పూత ఎప్పుడు, గింజ ఎప్పుడు. ఆ గళ్లు చూడగానే నాకు సిరాబుడ్డి వాసన వచ్చింది. తాత గళ్లే. ఒక్క తేడా, ఎవరిచ్చారన్న గడి వాళ్లది, ఎవరికిచ్చామన్న గడి మాది.

రాక్స్‌బర్గ్‌కి వాన కొలిచే అలవాటు కూడా ఉంది. సామర్లకోటలో 1789 నుంచి వరసగా వానలు ఎలా తప్పాయో రాసిపెట్టాడు. తోట అధికారి తన మిరియం ఎందుకు ఎండిందో చెప్పుకోవడానికి పనికొచ్చే అంకెలు అవి. రెండు వందల ఏళ్లకి, 1998లో, రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు నేచర్ పత్రికలో ఆ అంకెల్నీ, ఇంకా ఎక్కడెక్కడివో కలిపి, 1789, 1793 మధ్య ప్రపంచాన్ని కుదిపిన ఎల్‌నీనో ఆనవాళ్లు చూపించాడు. మా తాత జానెడు పదునుని ఏ నేచరూ అడగదు. జానెడంటే ఎవరి జాన అని అడుగుతుంది, నా దగ్గర జవాబు లేదు.

ఈ రాక్స్‌బర్గ్ తెలుగు చెట్ల పేర్లు విని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనికొస్తుందని ప్రచారం చేసింది ఆయనే. ఆ పేరే లాటిన్‌లో సోయ్మిడా అయి కూర్చుంది. పుస్తకంలో ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంకొకరి అక్షరాల్లోకి వెళ్లిన తెలుగు మాట మళ్లీ నోటికొచ్చేటప్పుడు ఏమవుతుందో నాకు చిన్నతనంలోనే అనుభవం.

తాత 1974లో పోయాడు. తోపు చిన్నాన్న చేతికి వచ్చింది. నేను డిగ్రీ చదువుతున్నాను, చదువుకున్నవాడినని ఇంట్లో లెక్క. ఆ ఏడు వేసవి సెలవుల్లో చిన్నాన్న చిట్టా నా ముందు పెట్టి, ఏ చెట్టుకి ఏం చేయాలో నాన్న రాసిపెట్టే ఉంటాడు, చదవరా అన్నాడు. చదువుతూ పోయాను. ఎండు కొమ్మలు తీయాలి, బోదె తవ్వాలి, ఇలాంటివి చాలానే ఉన్నాయి. 27 దగ్గర ఆ ఏటి పద్దులో ఒకే ఒక్క మాట. మిగతా గళ్లన్నీ ఖాళీ.

"కొట్టు" అని చదివాను.

"కొట్టమన్నాడా?" అన్నాడు చిన్నాన్న.

"అలాగే రాసుంది."

చిన్నాన్న తండ్రి మాట దాటే మనిషి కాదు. మూడో రోజుకి రంపం వచ్చింది. మామిడి చెక్క పెట్టెలకి పోతుంది, వచ్చిన డబ్బు కూడా చెప్పుకోదగ్గది కాదు. నేనే దగ్గరుండి చూశాను. రంపం కింద పొట్టు తడిగా, పసుపుపచ్చగా రాలింది. వాసన మాత్రం పచ్చి కాయ కోసినట్టే ఉంది.

సెలవులు అయిపోయేలోపు, ఊసుపోక, పాత చిట్టాలు తిరగేశాను. 27 పేజీలో అదే మాట ఇంకోచోట కనిపించింది. ఇంకా వెనక్కి వెళ్తే మళ్లీ. ఏడాది విడిచి ఏడాది, పదేళ్ల వెనక కూడా. ఆ మధ్య ఏళ్లలో గళ్లన్నీ నిండి ఉన్నాయి. ఒకే చెట్టుని ఏడాది విడిచి ఏడాది కొట్టమని ఎవడైనా రాస్తాడా? మామిడి ఒక ఏడు విరగకాసి, మరుసటేడు అలసిపోయి ఊరుకుంటుంది. గొడ్డుపోయిందంటారు. తాత రాసింది గొడ్డు. నేను చదివింది కొట్టు. తమిళ లిపిలో రెండింటికీ చుక్క తేడా లేదు. ఆయన నోటితో ఆ మాట ఎన్నోసార్లు విన్నాను, తోపులోనే, చిట్టా పట్టుకుని నిలబడి. పరీక్షకి చదివినట్టు చదివాను కాబట్టి వినిపించలేదు.

చిన్నాన్నకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు, ఆయన లేడు కూడా.

మరుసటేడు 27 కాయాల్సిన ఏడు. అవ్వ గంప తీసుకుని వచ్చింది. నేను సెలవుల్లోనే ఉన్నాను. మోడు దగ్గర నిలబడి కాసేపు చూసింది. గంప బోర్లించి దాని మీద కూర్చుంది, ఎప్పటిలాగే. ఏమయిందని అడగలేదు. మా చెల్లికి ఎన్నో నెల, అత్తారింట్లోనే పురుడా, ఇక్కడా అని అడిగింది. నేను పరుగెత్తుకెళ్లి పక్క చెట్టు కాయలు గంపెడు కోయించి తెచ్చాను. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది వేరే చెట్టు రాజా" అంది. గంప నెత్తికెత్తించుకుని వెళ్లింది. తరవాత ఏ ఏడూ రాలేదు.

చిట్టా అంతమవడానికి నా తప్పు ఒక్కటే కారణమని చెబితే అది నా గొప్పతనం చాటుకోవడం అవుతుంది. అసలు కారణం అంటు. చిన్నాన్న ముసలి చెట్లు ఒక్కొక్కటే తీయించి అంటుమొక్కలు పెట్టాడు. బంగినపల్లి, సప్పట్టై, నీలం. వరసకి వరస, ముప్పై అడుగుల ఎడం, తాడు పట్టినట్టు. అంటుమొక్క అంటే తల్లిచెట్టు కొమ్మే. వంద పెడితే వందా ఒకే చెట్టు. వాటికి నంబర్లు ఎందుకు? ఏది ఆవకాయకి, ఏది వేవిళ్లకి అన్న ప్రశ్నే లేదు. డబ్బు దృష్టిలో చిన్నాన్న చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని, ఆ డబ్బుతోనే నేను చదివాను. పూత మీదే వ్యాపారి వచ్చి తోపంతా తిరిగి ఒక అంకె చెబుతాడు. కుత్తగ అంటాం మేము, మీ గుత్త. అడ్వాన్సు చేతిలో పడ్డాక కోత అయ్యేదాకా తోపు ఆయనది. మందు కొట్టించేదీ, కావలి పెట్టేదీ, కొండ దిగొచ్చే ఏనుగుల్ని టపాసులు పేల్చి తరిమేదీ ఆయనే. మా ఇంటివాళ్లు తోపులో ఒక కాయ కోసుకోవాలంటే కావలివాణ్ని అడగాలి. చిన్నాన్న లెక్క కూడా రాసేవాడు. ఏడాదికి ఒక్క వరస. తేదీ, పేరు, మొత్తం.

సావడి పెద్దలకి పళ్లు బజారు నుంచి తెప్పించడం మొదలయింది. పురుళ్లు ఆసుపత్రికి మారాయి, దానికి నేనేం బాధపడను, మా ఇంట్లోనే ఇద్దరు బాలింతలు పోయారు. 14 లాంటి పుల్లటి చెట్టు మళ్లీ నేనెక్కడా తినలేదు. 1988లో కొండల్లో శ్రీవిల్లిపుత్తూరు బెట్టుడుతల అభయారణ్యం వచ్చింది. ఆ ఉడతలు పాత మామిడి తోపుల్లో గూళ్లు కట్టుకుంటాయని చూడ్డానికి వచ్చేవాళ్లు ఇప్పుడు కెమెరాలు మెడలో వేసుకుని తిరుగుతున్నారు. వాటికి కావలసింది కొమ్మ కొమ్మ కలిసిన ముసలి చెట్లు. మా తోపులో ఎడం ముప్పై అడుగులు. తోపులో ముందు భాగం ప్లాట్లయింది. 27 ఉన్న చోట ఇప్పుడో ఇంటి ప్రహరీ వెళ్తోంది.

చిట్టాలు పదకొండు నా దగ్గరున్నాయి. రెండింటికి చెదలు పట్టింది. నా తరవాత వీటిని చదివే మనిషి ఉండడు. నా పిల్లలకి తమిళ అక్షరాలు రావు, రాజపాళయంలో మా అన్న మనవలకి వాటిలోని తెలుగు మాటలు తెలియవు. అందుకని కిందటేడు నుంచి తెలుగు లిపిలోకి ఎత్తి రాయిస్తున్నాను. నా చెయ్యి వణుకుతుంది కాబట్టి పక్కవాటాలో ఉండే రిటైరైన మాస్టారు సాయంత్రాలు వచ్చి కూర్చుంటాడు. నేను చదువుతాను, ఆయన రాస్తాడు. గుంటూరు మనిషి, మామిడి మీద అభిప్రాయాలు గట్టివి, సప్పట్టై గురించి ఇంకా ఒప్పుకోలేదు.

మొదటి రోజే ఆయనకి ఈ లిపి సంగతి పట్టుబడింది. నేను పలకడంలో కాస్త తడబడితే చాలు, కలం ఎత్తి కళ్లజోడు మీంచి చూస్తాడు. క నా, గ నా? ట నా, డ నా? తోచకపోతే ఆ పేజీ మొత్తం మొదటినుంచి చదవమంటాడు, అప్పుడు తెలుస్తుందంటాడు. నిజమే, చాలాసార్లు తెలుస్తుంది. ఆ ఓపిక నాకు ఇరవయ్యో ఏట లేకపోయింది.

మొన్న శుక్రవారం ఏడో చిట్టాలో 27 వచ్చింది. నంబరు చదివాను, సంవత్సరం చదివాను. గళ్లు ఖాళీ. ఆ ఒక్క మాట దగ్గర ఆగాను. మాస్టారు కలం ఎత్తాడు.

"క నా, గ నా?"

"గ" అన్నాను. "గకి ఒత్వం, డ కింద డ."